పైడమ్మ కథకు అఫిడవిట్

అది 2023 వానాకాలం. ఆంధ్రాకు దూరంగా, హిందీ మాట్లాడే బోద్రీలో కోర్టు ఆవరణ బయట రేకుల షెడ్డు కింద వరసగా ఉన్న బల్లల్లో నాలుగోది నాది. ఒక పాత కంప్యూటరు, ఒక ప్రింటరు, జల్లు కొట్టకుండా రెంటికీ కలిపి ఒక ప్లాస్టిక్ పట్టా. ముప్ఫై ఏళ్ళుగా నేను చేసే పని ఒకటే, అఫిడవిట్లు టైపు చెయ్యడం. అఫిడవిట్ అంటే ప్రమాణపత్రం. "నేను ఫలానా, ఫలానావారి భార్యను, ఫలానాచోట నివాసం, ప్రమాణపూర్వకంగా చెప్పేదేమంటే" అని మొదలై, పైదంతా నిజమని సంతకంతో ముగుస్తుంది. ఆ సంతకం పెట్టే మనిషిని డిపోనెంట్ అంటారు. పక్క బల్ల మీద నోటరీ ముద్ర వేస్తాడు. పేరు మార్పిడికి, పుట్టినతేదీ తప్పుకు, పోయిన మార్కుల జాబితాకు, రైల్వే పాసుకు, క్వార్టర్‌కు, దేనికి కావాలన్నా నమూనా నా కంప్యూటర్లో ఉంటుంది. పేర్లు మార్చి ప్రింటు కొట్టడమే. ఈ వృత్తిలో బుర్రకు పెద్దగా పని ఉండదని నేను అనుకునేవాణ్ణి. ఆ ఒక్కరోజు మాత్రం నా బుర్ర పొద్దున్నుంచి సాయంత్రం దాకా పనిచేసింది, అయినా సగమే తేలింది.

మా నాన్న లోకో షెడ్డులో పనిచేసేవాడు. రైల్వే కాలనీలో చిన్న తెలుగు బడి ఉండేది, అందులో ఐదో తరగతి దాకా చదివాను. తర్వాత చదువంతా హిందీలోనే. ఆ ఐదు తరగతుల పుణ్యాన తెలుగు అక్షరాలు మరిచిపోలేదు. అంచేత తెలుగువాళ్ళకు కాగితం పని పడితే దారి అడుక్కుంటూ నా బల్ల దగ్గరికే వస్తారు. ఆ రోజూ అలాగే ఇద్దరు ఆడవాళ్ళు ఆటో దిగి, ఒకే గొడుగు కింద తడుచుకుంటూ వచ్చారు. రాజ్‌కిశోర్ నగర్ నుంచి వస్తున్నామన్నారు. పెద్దావిడకు యాభై దాటి ఉంటాయి, పేరు పైడమ్మ. రెండో ఆమె ఆవిడ కోడలు కృష్ణవేణి, సోంపేట వైపు పిల్ల, డిగ్రీ చదివింది.

"మాస్టారూ, కథకి అఫిడవిట్ కావాలండి" అంది కృష్ణవేణి.

"దేనికి?"

"కథకండి. పత్రికకి పంపడానికి."

ముప్ఫై ఏళ్ళలో విననిది. ఏ కథ అని అడగబోతే ఫోను నా ముందు పెట్టింది. ఆంధ్రా నుంచి వచ్చే ఒక సాహిత్య మాసపత్రిక వేసిన ప్రకటన. కాలనీ ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో చేతులు మారి మారి వచ్చింది. ఇంతవరకు ఎక్కడా అచ్చుకాని రచయిత్రుల కోసం ప్రత్యేక సంచిక తెస్తున్నారట. కథ సొంతమైనదై ఉండాలి. అనువాదం, అనుసరణ పనికిరావు. హామీపత్రం జతపరచాలి. నెలాఖరులోగా చేరాలి. నెలాఖరు ఎల్లుండే.

హామీపత్రం అన్న మాట దగ్గర వాళ్ళు ఆగిపోయారన్నమాట. మా రైల్వేవాళ్ళకు హామీ అంటే స్టాంపు పేపరు, స్టాంపు పేపరంటే కోర్టు. పిల్లాణ్ణి బడిలో వెయ్యాలన్నా, పాసులో పేరు ఎక్కించాలన్నా మాకు అదే అలవాటు. వాళ్ళను చూసి నవ్వే హక్కు నాకు లేదు. నేనూ మారు మాట్లాడకుండా స్టాంపు పేపరే తీశాను.

"డిపోనెంట్ పేరు చెప్పండి. అంటే, కథ రాసినవారి పేరు."

"పైడమ్మ" అంది కోడలు.

"కృష్ణవేణి" అంది అత్తగారు, అదే క్షణంలో.

నేను కీబోర్డు మీద చేతులు పెట్టి ఇద్దరి మొహాలూ చూశాను. "ఒకళ్ళే చెప్పండి" అన్నాను.

"కథ అత్తదేనండి. ఆవిడ చెప్తుంటే నాను రాసినానంతే."

"నాను నోటితో అన్నాను బాబూ. మాటలు అందరూ అంటారు, అవన్నీ కథలేటి? కాయితం మీద పెట్టి కథలాగ చేసినాది అదే."

"ఒక్క ముక్క కూడా నాది లేదు మాస్టారూ. నాను ఒక మాట మారిస్తే, అలగ కాదు, నాను అన్నట్టే రాయి అని కొట్టించీసేది."

వాళ్ళ పద్ధతి ఏమిటో విడమర్చి అడిగాను. మధ్యాహ్నం వంట సర్దుకున్నాక అత్తగారు చీరలకు ఫాల్స్ కుడుతూ చెబుతుంది. కోడలు స్కూలు నోటుబుక్కులో రాస్తుంది. మర్నాడు రాసింది చదివి వినిపిస్తుంది. ఆవిడ వద్దన్న చోట కొట్టివేస్తుంది. పైడమ్మ హిందీలో ఎనిమిదో తరగతి పాసయింది గానీ తెలుగు అక్షరం రాదు. ఇట్లా మూడు నెలలు పట్టిందట.

పైడమ్మ పేరు టైపు చేశాను. "ఈ కథ నా స్వంత రచన" అన్న దగ్గరికొచ్చేసరికి ఆవిడ "నాను రాయలేదు కదా, రాసినానని ఒట్టెలగ పెడతాను" అంది. సరేనని అది చెరిపి కృష్ణవేణి పేరు పెట్టాను. ఆమె "నాది కానిదాన్ని నాదని సంతకం పెట్టమంటారేటండి" అంది. అదీ చెరిపాను. ఈ బల్ల దగ్గర ఇది నాదంటే నాదని కొట్టుకునేవాళ్ళనే చూశాను నేను. స్థలం గురించి, గేదె గురించి, ఇద్దరి గోడల మధ్య మొలిచిన ములగచెట్టు గురించి కూడా. ఇది నీదంటే నీదని ఒకరి మీదికొకరు తోసుకునే ఆస్తి నాకు కొత్త.

ఎదురు బల్ల దగ్గర కూర్చునే వకీలు తివారీగారిని అడిగాను. ఆయన హిందీలో ముందు, ఎవరు రాస్తే వాళ్ళదే అన్నాడు. కాసేపు ఆలోచించి, కాదు, మాటలు ఎవరివైతే కథ వాళ్ళది, రాసినామె నీలాగ టైపిస్టు కింద లెక్క అన్నాడు. వకీలు కాబట్టి రెండువైపులా వాదించి టీ తాగడానికి వెళ్ళిపోయాడు. నోటరీ మరీ తేలిగ్గా, ఎవరైతే నాకేంటి, ఎవరో ఒకరు త్వరగా రండి అన్నాడు. డిపోనెంట్ అన్నాక తాను చెప్పేది తనకు స్వయంగా తెలిసినదై ఉండాలి. అది ఈ పనిలో మొదటి సూత్రం. కానీ ఇక్కడ తెలిసినావిడ ఒకరు, రాసినామె ఒకరు. నా దగ్గర ఉన్న నమూనాల్లో ఇద్దరూ కలిసి కొనుక్కున్న ఇంటికి ఉంది గానీ ఇద్దరూ కలిసి చేసిన కథకు లేదు.

"ఆ కథ ఇలా ఇవ్వండి, చదివితే ఏమైనా తేలుతుందేమో" అన్నాను. అత్తాకోడళ్ళను టీ బండి దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టి నోటుబుక్కు తెరిచాను. తెలుగు పేజీ చదివి ఎన్నాళ్ళయిందో. పెదాలు కదుపుతూ, వేలు పెట్టుకుంటూ చదివాను. చదివేకొద్దీ నా చేతిలో టీ చల్లారిపోయింది.

కథలో ఒక ఆడమనిషి. భర్త క్యారేజ్ షెడ్డులో ఫిట్టరు, జబ్బు చేసి పోయాడు. రైల్వేలో మనిషి సర్వీసులో ఉండగా పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. ఎనిమిదో తరగతి పాసయింది కాబట్టి ఆమెకే వస్తుందని ఆఫీసులో గుమాస్తా బాబు చెప్పాడు. ఆమె ఎవరికీ చెప్పకుండా లోపల జేబున్న జాకెట్టు ఒకటి కుట్టుకుంది, డ్యూటీ పాసు పెట్టుకోవడానికి. కానీ మామగారు, మరిది కలిసి, ఆడదానివి షెడ్డులో ఏం చేస్తావు, గుంటడికి పద్దెనిమిదేళ్ళు నిండేదాకా ఉద్యోగం ఆపించి వాడికే ఇప్పిద్దాం అన్నారు. పిల్లవాడికి అప్పుడు పదకొండేళ్ళు. ఆమెను ఊళ్ళో కచేరీకి, అంటే పాత కోర్టుకి, తీసుకెళ్ళారు. అక్కడ టైపు మిషను ముందు కూర్చున్నవాడు కాగితం లాగి, తల ఎత్తకుండా, తెలుగులో "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అన్నాడు. ఆమె పెట్టింది. ఇంటికొచ్చి జాకెట్టు జేబు విప్పేసింది. ఏడేళ్ళు చీరలకు ఫాల్స్ కుట్టి కొడుకును పెంచింది. కొడుక్కి ఉద్యోగం వచ్చిన రోజు స్వీట్లు పంచింది. కథ అక్కడితో అయిపోతుంది. ఏడుపు లేదు, తిట్టు లేదు.

బోద్రీకి రాకముందు నేను ఊళ్ళో కచేరీ దగ్గరే కూర్చునేవాణ్ణి. ఆ రోజుల్లో అక్కడ తెలుగు వచ్చిన టైపిస్టులం ఇద్దరమే. ఒకణ్ణి నేను, రెండో ఆయన రామారావు, పోయి చాలా ఏళ్ళయింది. ఇద్దరమూ పాన్ నమిలేవాళ్ళం, ఇద్దరమూ తల ఎత్తేవాళ్ళం కాదు. అలాంటి కాగితాలు నేను ఎన్నో కొట్టాను. మైనరు కొడుకు పేర ఉద్యోగం ఆపించే కాగితానికి మా దగ్గర నమూనా ఉండేది. నోటుబుక్కు మూసి బెంచీ దగ్గరికి వెళ్ళాను.

"పైడమ్మగారూ, ఇది మీ సంగతేనా?"

"అవును బాబూ."

"ఈ టైపు కొట్టిన మనిషి..." అని ఆగిపోయాను. "అది నేనేనా?"

ఆవిడ నన్ను కాసేపు పరీక్షగా చూసింది. "ఏమో బాబూ. ఆయన తలెత్తలేదు, నానూ తలెత్తలేదు. చేతులు చూసినాను. నల్ల సిరా అంటుకున్న చేతులు" అంది.

టైపు మిషను రోజుల్లో సిరా అంటని చేతులు మాలో ఎవరికీ లేవు. అక్కడికి ఆ సంగతి తేలలేదు. ఇప్పటికీ తేలలేదు. నేనే అయివుండవచ్చు, కాకపోవచ్చు. కాదని అనుకోవడానికి చాలా ప్రయత్నించాను గానీ మనసు ఒప్పుకోలేదు.

అప్పుడు గానీ అసలు చిక్కు ఏమిటో నాకు అర్థం కాలేదు. పైడమ్మ కొడుకు రవి, అంటే కృష్ణవేణి భర్త, ఇప్పుడు షెడ్డులో టెక్నీషియన్. అమ్మ తన చేతులతో, సంతోషంగా ఉద్యోగం తనకు వదిలిందని నలుగురికీ చెప్పుకుంటాడట. ఆవిడ పేరుతో కథ అచ్చయితే అది ఆవిడ సంగతేనని కాలనీ అంతా పోల్చుకుంటుంది. రవికి తెలుస్తుంది.

"వాడు తింటున్న అన్నం నా నోటి దగ్గర్నుంచి తీసిందని వాడికి తెలీడం నాకిష్టం లేదు బాబూ. అలాగని చెప్పకుండా పోవడమూ ఇష్టం లేదు. అందుకే దాని పేరు పెట్టీమంటన్నాను" అంది పైడమ్మ.

"నా పేరు పెడితే ఆవిడ బతుకు నాను ఎత్తుకుపోయినట్టు కాదేటండి?" అంది కృష్ణవేణి. "అయినా అలాగైతే నాను పంపనే పంపను. నోటుబుక్కు ట్రంకులో పడేస్తాను."

ఇద్దరిదీ న్యాయంగానే ఉంది. నాకు ఎటూ పాలుపోక, చివరికి ప్రకటన కింద ఉన్న నంబరుకు ఫోను చేశాను. పొద్దున్నే చెయ్యవలసిన పని అది. మేము ముగ్గురమూ కోర్టు చుట్టూ తిరిగాం గానీ, అడిగినవాళ్ళను అడుగుదామని ఒక్కరికీ తోచలేదు. ఫోను ఎత్తినావిడ పత్రికలో సహాయ సంపాదకురాలట. స్టాంపు పేపరు ఎంత విలువది ఉండాలని అడిగాను.

"స్టాంపు పేపరెందుకండీ. తెల్లకాగితం మీద సొంత దస్తూరీతో రెండు వాక్యాలు రాస్తే చాలు. కథ నాది, ఇంతకుముందు అచ్చు కాలేదు అని."

"చెప్పింది ఒకరు, రాసింది ఇంకొకరు అయితేనండి?"

"అలాంటివి చాలా వస్తున్నాయి. కథ ఎవరిదో వారి పేరు పైన, రాసిపెట్టినవారి పేరు కింద వేస్తాం. హామీ మాత్రం కథ ఎవరిదో వారే ఇవ్వాలి."

"పైనావిడకు తెలుగు రాయడం రాదు. హిందీ అక్షరాలే వచ్చు."

"ఏ అక్షరాలైనా ఫరవాలేదు. పేరు బయటపడకూడదనుకుంటే కలంపేరు పెట్టుకోవచ్చు, చాలామంది అలాగే పంపుతున్నారు" అంది ఆవిడ.

కలంపేరన్న మాట వినగానే కృష్ణవేణి మొహం విప్పారింది. "అచ్ఛా, అదీ బాగున్నాది అత్తా. వేరే పేరు పెట్టీద్దాం. ఆయనకి తెలీదు, కథా వచ్చీస్తాది" అంది. నాకూ ప్రాణం లేచి వచ్చింది. సాయంత్రమవుతోంది, ఎలాగో ఒకలాగ తేలితే చాలనిపించింది. తెల్లకాగితం ఒకటి పైడమ్మ ముందు పెట్టి, పెన్ను చేతికిచ్చి, "నేను చెబుతాను, మీరు హిందీ అక్షరాల్లో రాసుకోండమ్మా" అని అలవాటు కొద్దీ మొదలుపెట్టాను.

"ఈ కథ నాది. ఇంతకుముందు ఎక్కడా అచ్చు కాలేదు. ఈ హామీని ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా ఇస్తున్నాను."

ఆ చివరి వాక్యం పత్రికవాళ్ళు అడగలేదు. అది నా నోట్లోంచి దానంతటదే వస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి కాగితం చివరా అదే కొడుతున్నాను.

పైడమ్మ పెన్ను ఎత్తి పట్టుకుంది. "ఈ మాట అప్పటి ఆ కాయితంలో కూడా ఉన్నాదా?"

"ఏ మాట?"

"బలవంతం లేదని. ఇష్టమని."

"ఉంటుందమ్మా. అన్నిటిలోనూ ఉంటుంది" అన్నాను.

"నాను అనలేదే" అంది ఆవిడ.

కృష్ణవేణి అత్తగారి భుజం మీద చెయ్యి వేసింది. పైడమ్మ పెన్ను బల్ల మీద పెట్టి ఆ తెల్లకాగితం కేసి చూసింది. ఇరవయ్యేళ్ళుగా తనచేత సంతకం పెట్టించారనే ఆవిడకు తెలుసు. ఆ కాగితం తన నోట ఏమనిపించిందో అప్పుడే తెలిసింది. నాకు సిగ్గేసింది. ఆ టైపిస్టు నేను కాకపోయినా సిగ్గుపడవలసిందే.

"ఆ అబద్ధం కింద నా పేరున్నాది. ఈ నిజం కింద వేరే పేరేటి?" అంది చివరికి. కోడలు ఏదో అనబోతే చేత్తో ఆపింది. "రవికి నానే చెప్పుకుంటాను. నువ్వు చెప్పు బాబూ, మళ్ళీ మొదట్నుంచి. మెల్లిగా చెప్పు."

మెల్లిగా చెప్పాను. హిందీ అక్షరాల్లో, గుండ్రంగా, బడిపిల్లలా రాసింది. చివరి వాక్యం వద్దు, అక్కర్లేదు అని నేనంటే వినలేదు. "అదే కావాలి. ఈసారి నాను అంటన్నాను" అని దాన్ని తక్కినవాటికన్నా పెద్ద అక్షరాలతో రాసింది. కింద సంతకం పెట్టింది. రాసిపెట్టినందుకు కృష్ణవేణి పెట్టింది. నా బల్ల మీదే ఫొటోలు తీసి, నోటుబుక్కు పేజీలతో సహా ఫోనులోంచి పంపేశారు. స్టాంపు పేపరు ఖాళీగా వెనక్కి సొరుగులోకి పోయింది.

చలికాలంలో కృష్ణవేణి ఒక్కతే వచ్చి పత్రిక ఇచ్చింది. లోపల పైడమ్మ పేరు, కింద చిన్న అక్షరాల్లో ఆమె పేరు. రవికి తెలుగు చదవడం రాదు. అచ్చయి వచ్చిన రోజు పైడమ్మే కొడుకును కూర్చోబెట్టి, కోడలి చేత చదివించిందట. విని, లేచి డ్యూటీకి వెళ్ళిపోయాడట. మూడు రోజులు అమ్మతో మాట్లాడలేదు. నాలుగోరోజు అన్నం ముందు కూర్చుని, "మా, తబ్ బోల్నా థా నా. నీకు ఉద్యోగం కావాలని అప్పుడే నాకెందుకు చెప్పలేదు?" అన్నాడట.

"ఏమన్నారు మరి ఆవిడ?" అని అడిగాను.

"ఎవుడడిగినాడ్రా నన్ను, అన్నాదండి. తర్వాత ఆయన ఆ పళ్ళెం ముందే ఏడ్చినాడు. అత్త ఏడవలేదు. పప్పు వేసినాది."

ఆమె వెళ్ళిపోయాక ఆ రోజు ఇంకే పనీ చెయ్యలేకపోయాను. కంప్యూటర్లో నమూనాలన్నీ ఒకటొకటే తెరిచి చూశాను. అన్నిటి చివరా ఆ వాక్యం ఉంది. ఎవరో ఎప్పుడో రాసిపెట్టింది, నేను పేర్లు మార్చి వాడుకుంటున్నది. ఇన్నేళ్ళుగా నేను జనం మాట టైపు చేస్తున్నాననుకున్నాను. నిజానికి నా మాటకే వాళ్ళచేత సంతకం పెట్టించాను. ఆ వాక్యాన్ని అన్ని నమూనాల్లోంచీ తీసేశాను. ఇప్పుడు ఎవరొచ్చినా అక్కడిదాకా కొట్టి, తలెత్తి, మొహం చూసి అడుగుతాను. "ఇది మీ ఇష్టమేనా?" అవునంటేనే కొడతాను. దీనివల్ల కాగితానికి పది నిమిషాలు ఎక్కువ పడుతోంది. నాకు చాదస్తం పట్టుకుందని తివారీగారు విసుక్కుంటాడు. చాలామంది అవునవునని విసురుగా అనేస్తారు కూడా.

మొన్న బెల్తరా నుంచి ఒకావిడ వచ్చింది. తండ్రి పొలంలో తన వాటా అన్నదమ్ములకు వదులుతున్నట్టు కాగితం. అన్నదమ్ములు ముగ్గురూ వెనకే నిలబడ్డారు. అంతా కొట్టి, తలెత్తి అడిగాను. ఆవిడ అన్నదమ్ముల వైపు చూసింది, నా వైపు చూసింది. కొంగు సర్దుకుని, తన భాషలో "మోర్ మన్ నఇ హే" అంది. నాకిష్టం లేదని. వాళ్ళు ముగ్గురూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. నేను కీబోర్డు మీంచి చేతులు తీసేశాను.